డాష్‌బోర్డు ట్రిమ్‌కి ఇంట్లో పెయింట్: ఎక్కడ చెడుతుంది, ఎలా బాగుచేయాలి

దసరాకి వాహన పూజ, ఆ వెంటనే పైడితల్లి అమ్మవారి సిరిమాను. ఈలోగా కారు లోపల వెలిసిపోయిన ట్రిమ్‌కి (డాష్‌బోర్డు చుట్టూ ఉండే ప్లాస్టిక్ ముక్కలకి) రంగు మార్చేద్దామని విజయనగరంలో చాలామంది స్ప్రే డబ్బా పట్టుకునేది సరిగ్గా ఆ రోజుల్లోనే. ఈ పనికి అంతకన్నా చెడ్డ కాలం లేదు. వాన, ఉక్కపోత, మధ్యలో తుపాను హెచ్చరిక. సంక్రాంతి వెళ్లాక, ఎండ కాస్త ఎక్కిన తర్వాత మొదలుపెడితే కింద రాసిన ఇబ్బందుల్లో కొన్ని అసలు ఎదురే రావు.

ముందుగా ఒక హద్దు. ఏసీ వెంట్ల ఫ్రేములు, స్టీరియో చుట్టూ ఉండే ప్యానెల్, గేర్ లివర్ దగ్గరి ముక్క, ఇలా ఊడదీయగలిగిన వాటికే పెయింట్ వేయండి. ఎయిర్‌బ్యాగ్ గుర్తు అచ్చుపోసి ఉన్న మూతల జోలికి వెళ్లొద్దు. ఆ మూత ప్రమాద సమయంలో ఒక పద్ధతి ప్రకారం విడిపోవాలి. థిన్నర్ తగిలి ప్లాస్టిక్ గుణం మారినా, పెయింట్ పెచ్చులు లేచినా ముప్పు మీ ముఖానికే.

స్ప్రే చేస్తుండగానే గుండ్రటి గుంటలు పడుతున్నాయి

పెయింట్ పడిన క్షణంలోనే చిన్న చుక్కంత మేర వెనక్కి జరిగిపోతుంది. మధ్యలో కింది ప్లాస్టిక్ కనిపిస్తుంది, చుట్టూ అంచు సన్నగా లేచి ఉంటుంది. పెయింటర్లు దీన్ని ఫిష్ ఐ అంటారు. డెంటింగ్-పెయింటింగ్ షాపులో చూపిస్తే మొదట వచ్చే ప్రశ్న, "డ్యాష్‌బోర్డుకి పాలిష్ రాసీసినారేటి బాబూ?" అని. నిజంగా కారణం అదే. వాటర్ వాష్ చేయించిన ప్రతిసారీ చివర్లో రాసే మెరుపు పాలిష్‌లలో చాలావాటిలో సిలికోన్ ఉంటుంది. దాని మీద ఏ పెయింటూ పరుచుకోదు. తలకి రాసుకున్న కొబ్బరి నూనె చేతికి అంటి, ఆ చేత్తో ముక్కను పట్టుకున్నా ఇదే గతి.

గుంటలు కనబడగానే ఆపేయండి. ఇంకో కోటు దట్టంగా వేస్తే పూడిపోతాయనుకుంటారు, పూడవు. పూర్తిగా ఆరనిచ్చి, గుంటలున్న మేర పెయింట్‌ని వాటర్ పేపర్‌తో (తడిపి రుద్దే సాండ్‌పేపర్‌తో) తీసేసి మళ్లీ మొదలుపెట్టాల్సిందే. అయితే పేపర్ పట్టే ముందే చేయాల్సిన పనులున్నాయి, ఇక్కడ వరస ముఖ్యం. ముందు గిన్నెలు తోమే లిక్విడ్, గోరువెచ్చని నీళ్లు, పాత టూత్‌బ్రష్‌తో సందులన్నీ కడగాలి. ఆరాక ఐసోప్రొపైల్ ఆల్కహాల్‌లో (జిడ్డు తీసే స్పిరిట్ లాంటి ద్రవంలో) ముంచిన గుడ్డతో తుడిచి, అది ఆరిపోయేలోపే పొడి గుడ్డతో ఎత్తేయాలి. ఆ తర్వాతే పేపర్ పట్టాలి. ముందే రుద్దితే సిలికోన్ గీతల్లోకి దిగిపోతుంది, అప్పుడు తీయడం మరింత కష్టం. శుభ్రమైందో లేదో తెలియాలంటే ముక్క మీద నీళ్లు పోయండి. పలుచగా పరుచుకుంటే సరే, చోటచోట ముత్యాల్లా నిలిస్తే ఇంకా జిడ్డు ఉండి ఉండొచ్చు.

గోరు తగిలితే పొర ఊడిపోతోంది

ఊడిన పెచ్చును తిరగేసి చూడండి. దానికి ప్రైమర్ (రంగు కన్నా ముందు వేసే అడుగు పూత) కూడా అంటుకుని వచ్చిందంటే తప్పు ప్లాస్టిక్ దగ్గర జరిగింది. ప్రైమర్ కిందే ఉండిపోయి రంగు మాత్రమే లేచిందంటే, ప్రైమర్ బాగా గట్టిపడ్డాక రుద్దకుండా పైన రంగు వేశారన్నమాట, లేదా మధ్యలో దుమ్ము కూర్చుంది.

మొదటి రకానికి మందు ముక్క వెనకవైపే రాసి ఉంటుంది. ఏబీఎస్ (ఒక రకం ప్లాస్టిక్) అని ఉంటే 400 నుంచి 600 నంబరు పేపర్‌తో మెరుపు పోయేదాకా రుద్ది, ప్లాస్టిక్ ప్రైమర్ వేస్తే చాలు. పీపీ అని ఉంటే అది పాలీప్రొపిలీన్ అనే మరో రకం ప్లాస్టిక్. దానికి మామూలు ప్రైమర్ పట్టదు. ముందు అడ్హీజన్ ప్రమోటర్ అనే పారదర్శకమైన స్ప్రే పలుచగా కొట్టి, డబ్బా మీద చెప్పిన సమయంలోపే తర్వాతి కోటు వేయాలి. షాపులో "ప్లాస్టిక్ ప్రైమర్ అన్నిటికీ పనికొస్తుంది" అంటే నమ్మకుండా, పాలీప్రొపిలీన్‌కి పనికొస్తుందని డబ్బా మీద ఉందో లేదో మీరే చదవండి.

పెయింట్ తెల్లగా, పొగ పట్టినట్టు అయింది

మన కోస్తా జిల్లాల్లో, అందులోనూ కళింగపట్నం, భీమిలి వైపు తీరానికి దగ్గరగా ఉన్న ఊళ్లలో ఎక్కువగా పీడించేది ఇదే. పెయింట్‌లోని థిన్నర్ ఆవిరయ్యేటప్పుడు ఉపరితలం చల్లబడుతుంది. గాలిలో తేమ ఎక్కువగా ఉంటే అక్కడ నీరు పట్టి పొరలో చిక్కుకుపోతుంది. నల్ల రంగు, క్లియర్ కోటు (రంగు పైన వేసే పారదర్శకమైన పూత) మీద ఇది కొట్టొచ్చినట్టు కనబడుతుంది.

కంగారుపడి గీకేయకండి. పొడి వాతావరణంలో ఒక రోజు వదిలేస్తే తేలికపాటి తెలుపు దానంతటదే పోవచ్చు. పోకపోతే, గాలి పొడిగా ఉన్న రోజున అదే క్లియర్ సన్నగా, మంచు పడినట్టు ఒక్క పూత కొడితే పైపొర కాస్త కరిగి తేమ బయటికి వెళ్తుంది. అప్పటికీ తగ్గకపోతే రుద్ది మళ్లీ వేయడమే. ఏసీ గదిలో ఉంచిన ముక్కను తెచ్చి వెంటనే వరండాలో స్ప్రే చేయడం మాత్రం కోరి తెచ్చుకునే తంటా. చల్లటి ప్లాస్టిక్ మీద బయటి తేమ పట్టేస్తుంది. డబ్బాను గోరువెచ్చని నీళ్లలో కాసేపు ఉంచితే స్ప్రే మెత్తగా వస్తుంది. మరిగే నీళ్లు, స్టవ్ దగ్గరికి మాత్రం తీసుకెళ్లకండి, డబ్బా పేలుతుంది.

ఉపరితలం గరుకుగా ఉంది

మే నెల మిట్టమధ్యాహ్నం స్ప్రే చేస్తే వచ్చే తంటా ఇది. లేదా డబ్బాను మరీ దూరంగా పట్టారు, పెయింట్ గాలిలోనే సగం ఆరిపోయి పొడిలా పడింది. 20 నుంచి 25 సెంటీమీటర్ల దూరం చాలు. మెరిసే క్లియర్ అయితే బాగా గట్టిపడ్డాక 1500, తర్వాత 2000 వాటర్ పేపర్ తడిపి రుద్ది, రబ్బింగ్ కాంపౌండ్ (రుద్ది మెరుపు తెచ్చే పేస్టు) పట్టిస్తే సర్దుకుంటుంది. మ్యాట్ (మెరవని) ఫినిష్‌కి ఈ చిట్కా పనికిరాదు, రుద్దిన చోట మెరుపు వచ్చేస్తుంది.

కారిపోయిన చారలు దీనికి తలకిందులు: మరీ దగ్గర, మరీ దట్టం. తడిమీద వేలు పెట్టకండి, ఎండాక చార వరకే రుద్దండి.

రెండో కోటు వేయగానే ముడతలు లేచాయి

కింది కోటు పైన ఆరింది గానీ లోపల ఆరలేదు. కొత్త కోటులోని థిన్నర్ దాన్ని ఉబ్బించింది. చాలా డబ్బాల మీద "గంటలోపు వేయండి, లేదా ఒకట్రెండు రోజులు ఆగండి" అన్న అర్థంలో రాసి ఉంటుంది, ఎవరూ చదవరు. హార్డ్‌వేర్ షాపు ఎనామెల్ మీద కార్లకి వేసే లాకర్ రకం పెయింట్ కొట్టినా ఇలాగే అవుతుంది. ముడతలు పోయేదాకా రుద్ది, మొత్తం ఒకే రకం పెయింట్‌తో వేయండి.

రోజులు గడిచినా వేలికి అంటుకుంటోంది

కోట్లు దట్టమై లోపల ఆరకపోవడం ఒక కారణం. ముక్కల్ని ఊడదీసి, గాలి ఆడే చోట వారం రోజులు వదిలేయండి. రెండో కారణం పెయింట్‌ది కాదు. కొన్ని కార్ల ట్రిమ్ మీద కంపెనీ వేసిన రబ్బరు లాంటి మెత్తటి పూత ఏళ్ల తరబడి తేమకి, వేడికి విరిగిపోయి జిగురుగా మారుతుంది. దాని మీద ఏం వేసినా నిలవదు. ఐసోప్రొపైల్ ఆల్కహాల్‌తో ఆ పూత మొత్తం తీసేసి, గట్టి ప్లాస్టిక్ బయటపడ్డాకే ప్రైమర్.

సాయంత్రం లైటు కింద పని పెట్టుకుంటే తడి పెయింట్ మీద పురుగులు వాలతాయి. ఎండాక సూది మొనతో తీసి, ఆ చోట సన్నగా రుద్దితే సరి.

హార్డెనర్ కలిపే రెండు భాగాల క్లియర్ కోటు గట్టిదే, గీతలకి తట్టుకుంటుంది. కానీ అందులోని ఐసోసయనేట్లు ఊపిరితిత్తులకి హాని చేస్తాయి, గుడ్డ మాస్కు వాటిని ఆపదు. ఆ పని షాపుకి వదిలేయండి.

ఇక ముందు అద్దంలో ప్రతిబింబం సంగతి. ఆ అద్దం కిందుండే డాష్‌బోర్డు పైభాగానికి మెరిసే రంగు వేస్తే ఎండలో దాని నీడ విండ్‌షీల్డ్‌లో పడి, ఎదుటి రోడ్డు మసకబారుతుంది. అప్పటికే వేసేసి ఉంటే 1000 నంబరు పేపర్‌తో మెరుపు చంపి, పైన మ్యాట్ క్లియర్ కొట్టండి.