ఆగి ఉన్న బైకు బ్యాటరీ ఎందుకు దిగిపోతోంది? కదపకముందే కొలవండి

మొన్న ఒక స్నేహితుడి బైకు సీటు కింద నుంచి పొగ లేచింది. బండి ఆగి ఉంది, తాళం చెవి అతని జేబులో ఉంది. పక్కనే ఉన్నాడు కాబట్టి సీటు ఊడబీకి బ్యాటరీ వైరు లాగేశాడు. రెండు వేళ్లు బొబ్బలెక్కాయి, బండి దక్కింది.

అది ఉన్నట్టుండి వచ్చిపడిన ఆపద కాదు. నెలన్నర నుంచి ఆ బండిది ఒకటే సతాయింపు. నాలుగైదు రోజులు బటన్ నొక్కగానే స్టార్టవుతుంది, ఒక పొద్దున మాత్రం రిలే, అంటే కరెంటుతో పనిచేసే స్విచ్, టకటకమని కొట్టుకుని ఊరుకుంటుంది. రెండు బ్యాటరీలు మార్చాడు. ముగ్గురికి చూపించాడు. ముగ్గురూ మల్టీమీటరు పెట్టి, కరెంటు ఎక్కడా కారడం లేదన్నారు. వాళ్లు అబద్ధం చెప్పలేదు. వాళ్లు చూసిన సమయంలో నిజంగానే కారడం లేదు.

అసలు సంగతి హ్యాండిల్ మెడ దగ్గరుంది. ఫాగ్ లైట్ల వైరు అక్కడ ఒరుసుకుని ఒరుసుకుని పైతొడుగు పోయింది. హ్యాండిల్‌ని ఎడమవైపు పూర్తిగా తిప్పి లాక్ వేసినప్పుడే లోపలి రాగి తీగ ఫ్రేముకు ఆనుతుంది. పెయింటు మీద, తడి మీద ఆనితే కొంచెం కొంచెంగా కారుతుంది. ఒకసారి గట్టిగా ఆని ఫ్యూజు పోయింది. ఎవరో 10 ఆంపియర్ల ఫ్యూజు తీసి 30 ఆంపియర్లది పెట్టారు. మళ్లీ గట్టిగా ఆనినప్పుడు ఫ్యూజు పోలేదు, వైరు కాలింది.

వానలు మొదలయ్యే ముందు ఇది రాస్తున్నాను. బండికి ఫాగ్ లైట్లు, జీపీఎస్ ట్రాకర్, ఫోన్ చార్జర్, అలారం, కెమెరా లాంటివి తగిలించుకున్న వాళ్లందరి కోసం. కిల్ స్విచ్‌తో ఇంజిన్ ఆపి తాళం ఆన్‌లో వదిలేయడం, టెర్మినల్ బోల్టు వదులుగా ఉండటం లాంటివి చెప్పను, అవి మీకు తెలుసు. ఒకటి మాత్రం చాలామందికి తెలియదు. కొన్ని బండ్లలో హ్యాండిల్ లాక్ పడ్డాక చెవి ఇంకో మెట్టు తిరుగుతుంది, అప్పుడు పార్కింగ్ లైటు వెలుగుతుంది. పగలు బండి ఆపి వెళ్లిపోతే ఆ చిన్న లైటు కంటికి కూడా ఆనదు.

మనుషుల్ని ముంచే తప్పు

అప్పుడప్పుడు వచ్చే లోపం వచ్చినప్పుడే దొరుకుతుంది. పొద్దున బండి లేవకపోతే మనం ఏం చేస్తాం? హ్యాండిల్ లాక్ తీస్తాం. స్టాండ్ తీసి నాలుగడుగులు తోస్తాం. కుదరకపోతే ఇంకో బ్యాటరీ నుంచి కేబుళ్లు తగిలిస్తాం. ఎలాగోలా పని ముగించుకుని వచ్చి, సాయంత్రం తీరిగ్గా టెర్మినల్ విప్పి మీటరు పెడతాం. అప్పటికి చూడటానికి ఏమీ మిగలదు. పొద్దున బండి ఏ స్థితిలో ఉందో ఆ స్థితిని మన చేతులతోనే చెరిపేశాం.

అన్నిటికన్నా ఎక్కువ చెరిపేది టెర్మినల్ విప్పడం. ట్రాకర్, అలారం, కెమెరా ఇవన్నీ చిన్న కంప్యూటర్లే. బండి ఆపిన కాసేపటికి అవి నిద్రపోవాలి. ఏదో ఒక రోజు వాటిలో ఒకటి మొండికేసి మేలుకునే ఉంటుంది, రాత్రంతా బ్యాటరీని తాగుతుంది. మీరు నెగటివ్ టెర్మినల్ ఊడదీయగానే దానికి కరెంటు పోతుంది. మధ్యలో మీటరు పెట్టి కలపగానే అది కొత్తగా మొదలై, బుద్ధిగా నిద్రలోకి జారుకుంటుంది. మీటరు 2 మిల్లీ ఆంపియర్లు చూపిస్తుంది. మీరు హమ్మయ్య అనుకుంటారు. తర్వాత తప్పంతా బ్యాటరీ మీదికి తోసి కొత్తది కొంటారు. వారం తిరగకుండా మళ్లీ అదే కథ.

అంకెలు ఒకసారి చూడండి. 9 ఆంపియర్ అవర్ల బ్యాటరీ, అంటే లెక్కకు గంటకు ఒక ఆంపియర్ చొప్పున తొమ్మిది గంటలు ఇచ్చేది అనుకుందాం. 2 మిల్లీ ఆంపియర్లు కారితే అది ఖాళీ కావడానికి ఆరు నెలలు పడుతుంది, పట్టించుకోనక్కర్లేదు. 50 అయితే రోజుకు 1.2 ఆంపియర్ అవర్లు, నాలుగు రోజుల్లో సగానికి పైగా పోతుంది. నిద్రపోని కెమెరా 300 తాగుతూ ఉంటే పది గంటల రాత్రిలోనే మూడో వంతు హరించుకుపోతుంది. ఒక రాత్రికే బండి పడుకుందంటే వెతకాల్సింది చిన్న చిన్న లీకేజీ కాదు, మేలుకుని ఉన్న వస్తువో, అతుక్కుపోయిన రిలేనో, ఒరుసుకున్న వైరో.

అందుకే కదపకముందే కొలవండి. హ్యాండిల్ తిప్పకముందు, తోయకముందు, చార్జింగ్ పెట్టకముందు.

కదపకుండా కొలవడం ఎలా

లోపం కోసం కాపు కాసే ముందే, వేరే రోజున, బ్యాటరీనే అనుమానించి పక్కకు తప్పించండి. పూర్తిగా చార్జ్ చేసి, బండి నుంచి విడదీసి, ఒక రాత్రి వదిలేసి వోల్టేజి రాసుకోండి. మామూలు లెడ్ యాసిడ్ బ్యాటరీ అయితే 12.6 నుంచి 12.8 ఉండాలి. 12.4 అంటే సుమారుగా ముప్పావు, 12.2 అంటే సగం, 12.0 అంటే పావు మిగిలినట్టు. ఇంకో రెండు రోజులు అలాగే ఉంచండి. దేనికీ తగిలించకుండానే 12.4 కిందికి జారితే జబ్బు బ్యాటరీదే, మిగతాది చదవక్కర్లేదు. జారకపోతే తప్పు బండిలో ఉంది.

ఇప్పుడు ఒక చిన్న ఏర్పాటు. బ్యాటరీ నెగటివ్ కేబులుకు కటాఫ్ స్విచ్, అంటే కరెంటును తెంపే స్విచ్, ఒకటి బిగించండి. మామూలుగా అది ఆన్‌లోనే ఉంటుంది. కొలవాలనుకున్నప్పుడు మీటరు రెండు క్లిప్పులనూ ఆ స్విచ్ రెండు కొసలకూ తగిలించి, ఆ తర్వాత స్విచ్ ఆపేయండి. కరెంటు ఒక్క క్షణం కూడా తెగదు, మీటరు గుండా పారడం మొదలవుతుంది. మేలుకుని ఉన్నది మేలుకునే ఉంటుంది, మీకు పట్టుబడుతుంది. స్విచ్ లేకపోతే ఒక క్లిప్పును బ్యాటరీ నెగటివ్ దిమ్మెకు, ఇంకోదాన్ని కేబుల్ కొసకు పట్టించి, రెండూ జారవని చూసుకుని, అప్పుడు బోల్టు విప్పి కేబుల్ పైకెత్తండి. క్లిప్పు ఒక్కసారి జారినా ఆ రాత్రికి పరీక్ష పోయినట్టే.

మీటరు ఎర్ర వైరు (ప్రోబు) 10 ఆంపియర్ల రంధ్రంలో ఉండాలి. మిల్లీ ఆంపియర్ల రంధ్రంలో పెడితే, కరెంటు ఎక్కువైనప్పుడు లోపలి చిన్న ఫ్యూజు పోతుంది, ఆ తర్వాత ఆ రంధ్రంలో మీటరు ఎప్పుడూ సున్నానే చూపిస్తుంది. ఆ సున్నాను నమ్మి బండి బాగుందనుకున్న వాళ్లున్నారు, ఒకప్పుడు నేనూ ఉన్నాను.

అసలు ఏదీ విప్పకుండా ఇంకో దారి ఉంది. ఫ్యూజు వీపు మీద రెండు చిన్న లోహపు చుక్కలు కనిపిస్తాయి. మీటరును డీసీ మిల్లీ వోల్టుల్లో పెట్టి, ముందు రెండు ప్రోబులూ ఒకదానికొకటి ఆనించి సున్నా ఎక్కడుందో చూసుకుని, ఆ చుక్కల మీద పెట్టండి. కరెంటు పారని ఫ్యూజు దగ్గర సున్నా వస్తుంది. 0.4, 0.8 లాంటి అంకె నిలకడగా కనిపిస్తే ఆ దారిలో ఏదో తాగుతోంది. ఇది ఆంపియర్లు లెక్కగట్టే పద్ధతి కాదు, దొంగ ఏ గదిలో ఉన్నాడో చూపిస్తుంది. ఫ్యూజు పీకి చూసే పద్ధతి కన్నా నేను దీన్నే ఇష్టపడతాను, ఎందుకంటే ఫ్యూజు పీకినా కదిపినట్టే, ఆ లైను మీదున్న వస్తువు మళ్లీ మొదటి నుంచి మొదలవుతుంది. గుర్తుంచుకోండి, యాక్సెసరీల ఫ్యూజులు చాలాసార్లు పెట్టెలో ఉండవు, బ్యాటరీ పక్కన వైరు మధ్యలో వేలాడుతుంటాయి. వాటినీ చూడాలి.

ఏ వేళలో, ఏ స్థితిలో

బండి రాత్రి ఎలా ఉంటుందో అలాగే పెట్టి కొలవండి. లాక్ వేసి ఆపితే లాక్ వేసి. ఫోన్ కేబుల్ గుచ్చి వదిలేసే అలవాటుంటే గుచ్చి. కవరు కప్పితే కప్పి. తిరిగొచ్చి ఆపిన పది నిమిషాలకు ఒకసారి, గంటకు ఒకసారి, పడుకోబోయే ముందు ఒకసారి, పొద్దున ముట్టుకోకముందు ఒకసారి. ఆపిన వెంటనే అంకె పెద్దగా ఉండటం మామూలే, అది తగ్గి నిలబడాలి.

వేడి బండిలో ఎక్కువగా, చల్లారాక తక్కువగా ఉంటే రెగ్యులేటర్ రెక్టిఫయర్‌ని, అంటే బ్యాటరీకి వెళ్లే చార్జింగ్ కరెంటును అదుపు చేసే డబ్బాని, అనుమానించండి. కరెంటును ఒకే వైపు పోనివ్వాల్సిన దాంట్లోని డయోడు పాడైతే, వేడెక్కినప్పుడు కరెంటును వెనక్కి వదులుతుంది. మీటరు చూస్తూ దాని ప్లగ్గు పీకండి, అంకె పడిపోతే దొరికినట్టే.

ట్రాకర్‌ది ఇంకో తమాషా. సిగ్నల్ అందని సెల్లారులో ఆపితే అది టవర్ కోసం వెతుకుతూ నిద్రపోదు. రోడ్డు పక్కన ఆపితే వెళ్లే లారీల కుదుపుకు లేస్తూ ఉంటుంది. ఒకే బండి ఒకచోట బాగుండి ఇంకోచోట బ్యాటరీ తినేస్తే ముందు దాన్నే చూడండి.

రిలే ఆన్‌లోనే ఉండిపోయిందో లేదో చాలాసార్లు వేళ్లతోనే తెలుస్తుంది. కరెంటు పడుతున్న రిలే కాయిల్ ఒక్కటే సుమారు 150 మిల్లీ ఆంపియర్లు తింటుంది. తెల్లవారుజామున చల్లటి బండిలో గోరువెచ్చగా ఉన్న డబ్బా ఏదైనా ఉంటే అదే.

కరెంటు ఎక్కడా కారకుండానే బ్యాటరీ దిగిపోవడం కూడా ఉంది. 40 వాట్ల లైట్లు రెండు అంటే సుమారు ఆరున్నర ఆంపియర్లు. ట్రాఫిక్‌లో ఐడిల్ మీద నిలబడి అవి వెలిగిస్తే చిన్న బండి ఆల్టర్నేటర్ (ఇంజిన్ తిరుగుతుంటే కరెంటు తయారు చేసేది) అంత ఇవ్వలేదు. లైట్లన్నీ వేసి ఇంజిన్ రెయిజ్ చేసినప్పుడు టెర్మినళ్ల దగ్గర 13.5 నుంచి 14.5 వోల్టులు ఉండాలి. 15 దాటితే రెగ్యులేటర్ పోతోంది, బ్యాటరీనీ కాల్చేస్తుంది.

ఇక మిగిలినవి వరసగా

మీటరు బ్యాటరీతో వరసలో, అంటే కరెంటు మీటరు గుండానే పారుతూ, ఉండగా సెల్ఫ్ నొక్కకండి. తాళం కూడా ఆన్ చేయకండి.

ప్రోబు ఆంపియర్ల రంధ్రంలో ఉండగా బ్యాటరీ రెండు దిమ్మెల మీద పెట్టకండి. అది కొలత కాదు, షార్టు. నిప్పురవ్వ మీ ముఖానికి అడుగు దూరంలో వస్తుంది.

విప్పేటప్పుడు నెగటివ్ ముందు, బిగించేటప్పుడు నెగటివ్ చివర. పాజిటివ్ బోల్టు మీదున్న స్పానర్ ఫ్రేముకు తగిలినప్పుడు నెగటివ్ ఊడి ఉంటే ఏమీ కాదు. లేకపోతే స్పానర్ అతుక్కుంటుంది.

ఇంజిన్ నడుస్తుండగా టెర్మినల్ తీసి చార్జింగ్ ఉందో లేదో చూసే పాత పద్ధతి మానేయండి. ఎవరు చేయబోయినా ఆపండి. వోల్టేజి ఒక్కసారిగా ఎగిసి ఈసీయూ, అంటే ఇంజిన్‌ని నడిపే చిన్న కంప్యూటర్, పోవచ్చు.

చార్జింగ్ పెట్టిన బ్యాటరీ దగ్గర సిగరెట్ వద్దు. అందులోంచి వచ్చేది హైడ్రోజన్.

పోయిన ఫ్యూజు స్థానంలో అదే అంకె ఉన్న ఫ్యూజు. పెద్దది వద్దు. రేకు వద్దు. తీగ ముక్క అసలే వద్దు. ఫ్యూజు కాపాడేది లైటును కాదు, వైరును. రెండోసారీ పోయిందంటే ఫ్యూజు మార్చడం ఆపి హ్యాండిల్ మెడ, ట్యాంకు అడుగు, సీటు కింద వైరు నలిగే చోటు, ఈ మూడూ చూడండి.

బ్యాటరీకి నేరుగా కలిపిన ప్రతి వైరుకూ దిమ్మె పక్కనే ఫ్యూజు ఉండాలి, లైటు దగ్గర కాదు. మధ్యలో వైరు నలిగితే లైటు దగ్గరున్న ఫ్యూజు పనికిరాదు.

కొరికి పట్టుకునే జాయింట్ క్లిప్పులు తీసేయండి. వైరు పోగులు తెంపుతాయి, తడి లోపలికి పోతుంది, పచ్చగా చిలుము పడుతుంది.

లిథియం బ్యాటరీ అయితే పైన చెప్పిన వోల్టేజి అంకెలు చెల్లవు. నిండుగా ఉన్నప్పుడు 13.3 దగ్గర ఉంటుంది, 12.8కి వచ్చిందంటే దాదాపు ఖాళీ. లెడ్ యాసిడ్ బ్యాటరీని బాగుచేసే మోడ్ ఉన్న చార్జర్ దానికి తగిలించకండి. పూర్తిగా పడిపోయిన దానికి కేబుళ్లు వేసి లేపకండి.

కారు నుంచి కేబుళ్లు వేస్తే కారు ఇంజిన్ ఆపి వేయండి.

ఒక్కో యాక్సెసరీ తీసి చూడాలంటే ఒకసారికి ఒక్కటే. తీసిన తేదీ రాసుకోండి. లోపం వారానికోసారి వస్తుంటే కనీసం రెండు వారాలు ఆగండి. మూడు రోజులు బాగుందని తీర్పు చెప్పకండి.

వాన కురిసిన రాత్రి మళ్లీ కొలవండి. ఎండలో వచ్చిన అంకె వానకు పనికిరాదు.

మెకానిక్ దగ్గరికి తీసుకెళ్తే అతను హ్యాండిల్ తిప్పకముందే చెప్పండి, ఇది లాక్ వేసి ఉన్నప్పుడు దిగుతోందని. వీలైతే పొద్దున కదపకుండా అతన్నే పిలవండి.

పొగ వస్తే కాలుతున్న వైరు పట్టుకోకండి. కటాఫ్ స్విచ్ ఆపండి, లేకపోతే నెగటివ్ తీయండి. మంట ట్యాంకు వైపు కనిపిస్తే ఏదీ తీయకండి, దూరం జరగండి.