గొడవ ముదరకముందే చేసుకోవాల్సిన ఏర్పాట్లు

ఇంట్లో దెబ్బలు తింటున్న ఆడవాళ్లతో కూర్చుని మాట్లాడటం నా పని. నా మొదటి ప్రశ్న ఒకటే: ఈ రాత్రి గొడవైతే ఏ తలుపులోంచి బయటపడతారు? చాలామంది ఆలోచనలో పడతారు. అక్కడి నుంచే మొదలుపెడతాం.

మాట పెరుగుతుందనిపిస్తే వంటింట్లోకి, బాత్రూంలోకి వెళ్లకండి. ఒకచోట కత్తులు చేతికందుతాయి, రెండోచోట ఇంకో దారి ఉండదు. బయటి తలుపున్న గది వైపు జరగండి. ఆ క్షణంలో కాళ్లూ చేతులూ ఆడవు, కాబట్టి కొట్టే మనిషి ఇంట్లో లేనప్పుడే ఆ దారిలో నడిచి చూసుకోండి. ఒకామె లైటార్పి గడియ తీసి చూసింది. అది బిగుసుకుపోయి కిర్రుమంటోందని అప్పుడే తెలిసింది. నూనె వేసి, చప్పుడు ఆగేదాకా ఊరుకోలేదు.

గుర్తింపు కార్డులు, పిల్లల సర్టిఫికెట్లు, బ్యాంకు కాగితాలు, మందులు, కొంత డబ్బు, ఇంటి తాళంచెవి ఇంకో జత ఒక సంచిలో సర్ది, నమ్మకమైన మనిషి దగ్గర దాచండి. ఒరిజినల్స్ ఒక్కసారే మాయమైతే అనుమానం వస్తుంది, ముందు జిరాక్సులు చాలు. ప్రాణం మీదికొస్తే మాత్రం సంచి కోసం వెనక్కి తిరగొద్దు. కార్డులు మళ్లీ తీసుకోవచ్చు.

ఫోన్ విషయంలో చాలా జాగ్రత్త. మీ లొకేషన్ అతనికి కనిపిస్తూ ఉండొచ్చు, మీ మెయిల్ ఇంకో ఫోన్‌లో తెరిచి ఉండొచ్చు. అలాగని అన్నీ ఒకేసారి ఆపేస్తే అతనికి తెలిసిపోతుంది. ఈ మాటలన్నీ వేరేవాళ్ల ఫోన్‌లో మాట్లాడుకోండి. మీ ఫోన్‌లో వెతికిన వాటిలో ఈ సంగతులు మాత్రమే చెరిపేయండి. ముఖ్యమైన రెండు నంబర్లు నోటికి రావాలి.

పక్కింటావిడతో ఒక మామూలు మాట గుర్తుగా అనుకోండి. అది వినగానే ఆవిడ పోలీసులకి ఫోన్ చేయాలి, తను లోపలికి రాకూడదు. పిల్లలకి మధ్యలోకి దూరొద్దని, ఎవరింటికి పరిగెత్తాలో, ఫోన్‌లో చిరునామా ఎలా చెప్పాలో నేర్పండి.

అతను ఒక్కసారైనా మీ గొంతు నులిమాడా? ఇది నేను తప్పకుండా అడుగుతాను. గొంతు నులమడం జరిగిన ఆడవాళ్లు తర్వాత అదే మనిషి చేతిలో చనిపోయే ప్రమాదం ఏడు రెట్లకు పైగా ఉంటుందని 2008లో వచ్చిన ఒక అమెరికా అధ్యయనం చెప్పింది. మెడ మీద మచ్చ లేకపోయినా లోపల దెబ్బ తగిలి ఉండొచ్చు. గొంతు బొంగురుపోయినా, మింగడం కష్టమైనా, తల తిరిగినా వెంటనే ఆసుపత్రికి వెళ్లి, జరిగింది జరిగినట్టు డాక్టరుకి చెప్పండి.

వెళ్లిపోతానని కోపంలో కూడా అనకండి. విడిపోయే రోజులు, ఆ తర్వాతి కొన్ని నెలలే అన్నిటికన్నా ప్రమాదం. బయటికొచ్చాక పాస్‌వర్డ్‌లు మార్చండి, రోజూ వెళ్లే దారీ వేళా మార్చండి, పిల్లల్ని ఎవరికి అప్పగించాలో స్కూల్లో రాతపూర్వకంగా ఇవ్వండి. ఆఖరిసారి మాట్లాడదాం రమ్మంటే ఒంటరిగా వెళ్లకండి.