లుత్రో: రోడ్డు లేని ఊరికి వెళ్లిరావడం ఎలా

గ్రీస్‌లోని క్రీట్ దీవి దక్షిణ తీరంలో, లెఫ్కా ఓరి అనే తెల్లకొండలు నిటారుగా సముద్రంలోకి దిగిపోయే చోట లుత్రో ఉంది. చంద్రవంకలా వంగిన చిన్న ఒడ్డు, దాని వెంట ఒకటి రెండు వరుసల తెల్లటి ఇళ్లు, నీలం రంగు తలుపులు. ఊరంటే అంతే. కారు రాదు, బస్సు రాదు, స్కూటర్ కూడా రాదు. పడవెక్కి రావాలి, లేదా కొండవాలు దారిన నడిచి రావాలి. ఎన్ని రాత్రులు ఉండాలి, ఎంత సామాను మోయాలి, తిరుగు విమానం ఏ రోజుకు తీసుకోవాలి అన్న లెక్కలన్నీ ఈ ఒక్క సంగతిని బట్టే వేసుకోవాలి.

ఏ నెలలో వెళ్లాలి

మే మధ్య నుంచి జూన్ మధ్య వరకు, మళ్లీ సెప్టెంబర్ మధ్య నుంచి అక్టోబర్ మధ్య వరకు మంచి కాలం. నడక ముఖ్యమైతే మే, ఈత ముఖ్యమైతే సెప్టెంబర్. మేలో నీళ్లు 20 డిగ్రీలకు అటూఇటూగా ఉండి ఒళ్లు జివ్వుమంటుంది. సెప్టెంబర్‌లో వేసవంతా కాగిన సముద్రం 25 డిగ్రీల దాకా ఉంటుంది. జూలై, ఆగస్టుల్లో చెట్టు నీడ లేని ఈ వాలు మీద పగలు నడవడం ప్రమాదమే. నవంబర్ నుంచి మార్చి దాకా గదులూ భోజనశాలలూ దాదాపు అన్నీ మూసేస్తారు, పడవలు బాగా తగ్గిపోతాయి. ఆర్థడాక్స్ ఈస్టర్ వారంలో గ్రీకులే పెద్ద సంఖ్యలో సొంతూళ్లకు ప్రయాణమవుతారు కాబట్టి ఆ తేదీ చూసుకోండి. అది 2027లో మే 2న వస్తోంది.

భారతీయ పాస్‌పోర్ట్ ఉన్నవాళ్లకు షెంజెన్ వీసా కావాలి, అంటే గ్రీస్ సహా చాలా యూరప్ దేశాలకు చెల్లే ఉమ్మడి వీసా. 2024 జూన్ నుంచి పెద్దవాళ్లకు రుసుము 90 యూరోలు. ప్రయాణానికి ఆరు నెలల ముందు నుంచి దరఖాస్తు చేయవచ్చు. కనీసం 30,000 యూరోల వైద్య ఖర్చులకు వర్తించే ప్రయాణ బీమా తప్పనిసరి. బీమా తీసుకునేటప్పుడు కొండ మీద నుంచి తరలించే ఖర్చు అందులో ఉందో లేదో ప్రత్యేకంగా అడగండి. ఈ తీరంలో కాలు మడతపడితే అంబులెన్స్ మీ దగ్గరికి రాలేదు.

చేరుకోవడం

ముందు హాన్యా నగరం చేరాలి. ఏథెన్స్ నుంచి విమానమైతే నేరుగా హాన్యాకే ఉంటుంది. ఓడలో రావాలంటే ఏథెన్స్ పక్కనున్న పిరేయస్ రేవులో రాత్రి ఎక్కితే తెల్లవారేసరికి సూదా రేవులో దింపుతుంది. అక్కడి నుంచి హాన్యా ఏడు కిలోమీటర్ల లోపే. హెరాక్లియన్‌లో దిగినా రావచ్చు గానీ, దారిలో వ్రిసెస్ దగ్గర బస్సు మారాలి, సగం రోజు పోతుంది.

హాన్యా నుంచి హోరా స్ఫాకియా అనే రేవు ఊరికి కేటీఈఎల్ అనే ప్రాంతీయ బస్సు సంస్థ బస్సు ఎక్కండి. దూరం దాదాపు 70 కిలోమీటర్లే అయినా చివర్లో కొండ మీద నుంచి సముద్రానికి మెలికలు తిరుగుతూ దిగాలి. రెండు గంటలు పడుతుందని లెక్క వేసుకోండి. కడుపులో తిప్పే అలవాటున్నవాళ్లు ముందు సీట్లో కూర్చోవాలి. బస్సులు రోజుకు కొన్నే, అవీ పడవ వేళలను బట్టి నడుస్తాయి. అందుకే ముందు పడవ వేళ చూసి, దానికి తగ్గ బస్సు ఎంచుకోవాలి. చాలామంది బస్సు టికెట్ ముందు కొనేసి, రేవు చేరాక పడవ వెళ్లిపోయిందని తెలుసుకుంటారు.

పడవలు నడిపేది అనెండిక్ అనే సంస్థ. వేళలు నెల నెలకూ మారతాయి. పాత పట్టికను నమ్మకుండా, వెళ్లే వారంలో మళ్లీ చూసుకోండి. టికెట్ రేవు దగ్గరి చిన్న గదిలో కొని ఎక్కాలి. పశ్చిమాన ఉన్న అయా రూమెలీ ఊరి వైపు వెళ్లే పడవకు లుత్రో మొదటి మజిలీ, పావుగంట నుంచి ఇరవై నిమిషాల ప్రయాణం. పడవ ఆగేది కొన్ని నిమిషాలే. కాబట్టి పై అంతస్తులో ఫొటోలు తీసుకుంటూ ఉండిపోకండి. ఊరు కనబడగానే సామానుతో కింద, ముందు తలుపు దగ్గరికి వచ్చి నిలబడండి.

చివరి పడవ తప్పిపోతే ఆ రాత్రి హోరా స్ఫాకియాలోనే గది తీసుకోవడం మేలు. ఎలాగూ నడక దారి ఉంది కదా అని సాయంత్రం పూట పెట్టెలు మోసుకుంటూ బయల్దేరవద్దు.

కారు అద్దెకు తీసుకునేవాళ్లు అంతర్జాతీయ డ్రైవింగ్ పర్మిట్ వెంట ఉంచుకోవాలి. కారును హోరా స్ఫాకియాలో వదిలేసి పడవెక్కాలి. ఉన్నన్ని రోజులూ అది ఊరికే నిలబడి ఉంటుంది, మీరు అద్దె కడుతూనే ఉంటారు. లుత్రో ఒక్కటే చూడాలనుకుంటే బస్సే నయం.

గాలి సంగతి

ఈ ప్రయాణంలో ఎక్కువమంది దెబ్బతినేది ఇక్కడే. లుత్రో చుట్టూ కొండలు ఉండటంతో రేవు లోపల నీళ్లు అద్దంలా ఉంటాయి. అది చూసి సముద్రమంతా అలాగే ఉందనుకుంటారు. ఉత్తరపు గాలి తెల్లకొండలు దాటి లోయల గుండా కిందికి విరుచుకుపడినప్పుడు బయట సముద్రం మీద ఉన్నట్టుండి ఈదర కొడుతుంది. దక్షిణపు గాలి వీస్తే, లిబియా దాకా అడ్డు లేని సముద్రం మీదుగా పెద్ద అలలు వస్తాయి. అప్పుడు రేవు పోలీసులు పడవలు ఆపేస్తారు. ఒక్కోసారి పూట, ఒక్కోసారి రోజంతా. వసంతంలోనూ శరత్తులోనూ ఇది మామూలే. కాబట్టి తిరుగు విమానం ఉన్న రోజు ఉదయం లుత్రోలో ఉండకూడదు. ముందు రాత్రి హాన్యాలో పడుకోండి. ఈ ఒక్క నియమం పాటిస్తే మిగతా పొరపాట్లు ఎలాగోలా సర్దుకోవచ్చు.

నడిచి రావాలంటే

యూరప్ పొడవునా సాగే ఈ4 కాలిబాట ఇటుగానే పోతుంది. హోరా స్ఫాకియా నుంచి కొండ మీది అనోపోలి ఊరి వైపు తారు రోడ్డు మీద సుమారు రెండున్నర కిలోమీటర్లు నడిస్తే మొదటి పెద్ద మలుపు వస్తుంది. బాట అక్కడ మొదలవుతుంది. పసుపు, నలుపు గుర్తులు చూసుకుంటూ పోవాలి. కొండ రాతిలో చెక్కిన సన్నటి దారి అది, ఎడమ పక్కన నేరుగా సముద్రం. ఎత్తు చూస్తే కళ్లు తిరిగేవాళ్లకు ఇది పనికిరాదు. మొత్తం రెండు నుంచి రెండున్నర గంటలు. మనిషికి రెండు లీటర్ల నీళ్లు, పట్టున్న బూట్లు, టోపీ ఉండాలి. వాన పడిన మర్నాడూ, గాలి గట్టిగా ఉన్న రోజూ పైనుంచి రాళ్లు దొర్లుతాయి. ఆ రోజుల్లో పడవే ఎక్కండి.

సగం దారిలో గ్లికా నేరా అనే తీరం తగులుతుంది. పేరుకు అర్థం తియ్యని నీళ్లు. గ్రీకులో నీటిని నెరో అంటారు, మన నీరుకు దగ్గరగా ఉంది కాబట్టి ఇక మరిచిపోరు. సున్నపురాయి కొండల్లో ఇంకిన వాన, మంచు నీరు ఈ ఒడ్డున గులకరాళ్ల కింద నుంచి ఊరుతుంది. సముద్రానికి కొన్ని అడుగుల దూరంలో చెలమ తవ్వితే మంచినీళ్లు వస్తాయి. ఈదుతుంటే ఉన్నట్టుండి చల్లటి పాయ ఒంటికి తగిలేది కూడా ఈ ఊట వల్లే. ఎవరో తవ్విన చెలమలో కాళ్లు కడుక్కోకండి, అది తాగడానికి తవ్వుకున్నది. నీడ కోసం కొండ గోడకు ఆనుకుని పడుకోవడం కూడా వద్దు, రాళ్లు పడేది అక్కడే.

ఎన్నాళ్లు, ఎక్కడ

పగటి పడవలో వచ్చి సాయంత్రం వెళ్లిపోతే లుత్రోను చూసినట్టు కాదు. పది, పదకొండు గంటలకు పగటి యాత్రికులు దిగుతారు. సాయంత్రం సమరియా లోయ నడిచినవాళ్లతో అయా రూమెలీ నుంచి పడవ వస్తుంది. అది వెళ్లిపోయాక కప్పలు గెంతిన కొలను సద్దుమణిగినట్టు ఊరు నిశ్శబ్దమైపోతుంది. ఆ సాయంత్రాలు దక్కాలంటే కనీసం రెండు రాత్రులు, నడిచే ఓపిక ఉంటే నాలుగు రాత్రులు ఉండాలి.

గదులు తక్కువ. జూన్, సెప్టెంబర్ నెలలకు చాలా ముందే మాట్లాడుకోవాలి. అడిగేటప్పుడు ఎన్ని మెట్లెక్కాలో కనుక్కోండి. వెనక వరుస ఇళ్లకు మెట్లు ఎక్కువ, చక్రాల పెట్టె అక్కడ పనికిరాదు, వీపుకు తగిలించుకునే సంచే మేలు. గది అద్దె మీద రాత్రికి ఇంత అని ప్రభుత్వ రుసుము విడిగా ఉంటుంది, వెళ్లేటప్పుడు అడుగుతారు. నగదు హాన్యాలోనో హోరా స్ఫాకియాలోనో తీసుకుని రండి, లుత్రోలో ఏటీఎం మీద ఆశ పెట్టుకోవద్దు. రోజూ వేసుకునే మందులూ, బ్యాండేజీలూ, విరేచనాలు తగ్గించే మాత్రలూ హాన్యాలోనే కొనుక్కోవాలి. అత్యవసర నంబర్ 112.

గ్రీస్‌లో మురుగు గొట్టాలు సన్నవి. మరుగుదొడ్డి కాగితం పక్కన పెట్టిన బుట్టలోనే వేయాలి, లోపల వేస్తే గొట్టం పూడుకుపోతుంది. వేసవిలో మధ్యాహ్నం 3 నుంచి 5.30 వరకు, రాత్రి 11 తర్వాత చప్పుడు చేయకూడదని అక్కడ నియమం. ఇంత ఇరుకు ఊళ్లో ఫోన్ స్పీకర్ మోత ప్రతి కిటికీలోకీ పోతుంది.

తిండి

ఈ ప్రాంతపు ప్రత్యేకత స్ఫాకియా పీతా. మిజిత్రా అనే మెత్తటి జున్ను (చీజ్) పెట్టి పల్చగా వత్తి, పెనం మీద కాల్చి, పైన తేనె పోస్తారు. చూడ్డానికి మన బొబ్బట్టు చుట్టంలా ఉంటుంది. మాంసం తినేవాళ్లు త్సిగారియస్తో అడగండి, మేకమాంసాన్నో గొర్రెమాంసాన్నో ఆలివ్ నూనెలో సన్నమంట మీద గంటల తరబడి ఉడికిస్తారు. శాకాహారులకు ఇబ్బంది లేదు. బార్లీ రొట్టె మీద టమాటా, జున్ను పెట్టే దాకోస్, నిమ్మరసం పిండిన ఉడికించిన ఆకుకూర హోర్తా, అన్నం కూరిన టమాటాలూ క్యాప్సికంలూ, అంటే గెమిస్తా, ఇవన్నీ దొరుకుతాయి. గెమిస్తాలో ఒక్కోసారి మాంసం కలుపుతారు, కనుక్కోండి. పాలూ గుడ్లూ కూడా వద్దనుకుంటే నిస్తీసిమో అనండి, ఉపవాస భోజనం అని అర్థం. అడిగినదానికి నే అని జవాబొస్తే కాదనుకోకండి, నే అంటే అవును. కాదు అంటే ఓహీ.

భోజనం చివర చిన్న గ్లాసులో రాకీ అనే ఘాటైన మద్యం ఉచితంగా పెడతారు. తాగకపోయినా తప్పేమీ లేదు, ఎఫ్‌హరిస్తో అని కృతజ్ఞత చెబితే చాలు.

చుట్టుపక్కల నడకలు

తేలికైనది ఫినికాస్. పశ్చిమాన కొండముక్కు దాటితే ఇరవై నిమిషాల్లోపే వస్తుంది. అపొస్తలుల కార్యములు 27వ అధ్యాయంలో పౌలు ఎక్కిన ఓడ చలికాలం గడపడానికి చేరాలనుకుని పెనుగాలికి చేరలేకపోయిన ఫీనిక్సు రేవు ఈ ప్రాంతమే. గాలికి పడవలు ఆగిపోవడం ఇక్కడ కొత్త కాదని దీన్నిబట్టే తెలుస్తుంది. కొండముక్కు మీద పాత గోడలూ పెంకు ముక్కలూ కనిపిస్తాయి. ఒక్క ముక్క కూడా జేబులో వేసుకోవద్దు, గ్రీకు చట్టంలో అది నేరం.

అక్కడి నుంచి లికోస్ మీదుగా మార్మరా తీరానికి లుత్రో నుంచి గంటన్నర. పాలరాయి గుహల్లోకి ఈదుకుంటూ పోవచ్చు. వేసవిలో చిన్న పడవ కూడా ఉంటుంది. రాళ్ల మీద సముద్రపు ముళ్లకాయలు (సీ అర్చిన్ అనే ముళ్ల జీవులు) ఉంటాయి, రబ్బరు చెప్పులు వేసుకునే నీళ్లలో దిగండి.

గట్టి కాళ్లున్నవాళ్లకు అరాదెనా లోయ. దీన్ని పైనుంచి కిందికి దిగడమే తెలివైన పని. పొద్దున్నే పడవలో హోరా స్ఫాకియా వెళ్లి, టాక్సీలో అనోపోలి దాటి అరాదెనా చేరండి. లోయ మీద 1986లో కట్టిన ఇనుప వంతెన 138 మీటర్ల ఎత్తున ఉంటుంది. అక్కడ దిగితే మార్మరాకు దాదాపు మూడు గంటలు, ఆపైన లుత్రోకు గంటన్నర. మూడు లీటర్ల నీళ్లు కావాలి. మధ్యలో పెద్ద బండలు అడ్డొచ్చే చోట పక్కగా కట్టిన దారి పట్టుకోండి, పాత నిచ్చెనల జోలికి పోవద్దు. అనోపోలిలో కాసేపు ఆగితే దాస్కలోయానిస్ విగ్రహం చూడొచ్చు. 1770లో ఒట్టోమన్ల మీద తిరగబడి, మరుసటి ఏడు హెరాక్లియన్‌లో ప్రాణం ఇచ్చిన ఈ ఊరి మనిషి ఆయన. మీరు దిగిన హాన్యా విమానాశ్రయానికి పెట్టింది ఆయన పేరే.

తిరుగు ప్రయాణం

ముందు రోజు సాయంత్రమే గది యజమానిని మర్నాటి పడవ ఉందో లేదో అడగండి. వాతావరణం యాప్ కన్నా వాళ్ల మాట నమ్మదగింది. మధ్యాహ్నం పడవ కోసం ఆగకుండా ఉదయం మొదటి పడవే పట్టుకుంటే, అది రద్దయినా రెండోది చేతిలో ఉంటుంది. పడవ కొండముక్కు తిరిగి కనబడ్డాక రేవుకు బయల్దేరినా సమయం సరిపోతుంది, గది లెక్క తీర్చడం మాత్రం రాత్రే ముగించుకోండి.