కీచురాళ్లు ఎక్కడ ఆగాలో తెలియాలి: తక్కువ ఖర్చులో దెయ్యం షార్ట్ ఫిల్మ్ తీయడం ఎలా?

కర్నూలు, నంద్యాల చుట్టుపక్కల పిల్లలు తీసే దెయ్యం షార్ట్ ఫిల్మ్‌లు ఒక్కటి కూడా వదలకుండా చూస్తాను. చాలావాటిలో ఒకటే తప్పు. తెల్ల చీర, విరబోసిన జుట్టు, తలుపు కిర్రుమనడం, ఆ వెంటనే చెవులు పగిలేలా ‘ఢాం’ అని ఒక శబ్దం. దానికి ఎవరైనా ఉలిక్కిపడతారు. పక్కన కుక్కర్ విజిల్ వేసినా ఉలిక్కిపడతారు, అంతమాత్రాన కుక్కర్‌కి భయపడ్డట్టా? భయం అంటే సినిమా అయిపోయిన గంటకి మంచినీళ్ల కోసం వంటింట్లోకి వెళ్లే మనిషి ముందు లైటు వేసి, తర్వాత అడుగు లోపల పెట్టడం.

నేను, నా స్నేహితులు ఏడేళ్లుగా ఇవే తీస్తున్నాం, ఏదానికీ నాలుగైదు వేలు మించలేదు. అందరూ చెడగొట్టేది సౌండ్ దగ్గరే కాబట్టి మిగతావన్నీ గబగబా చెప్పేసి అక్కడికి వెళ్తాను.

సామాన్లు: వీడియోకి ఒక ఫోను, సౌండ్‌కి ఇంకో ఫోను, ట్రైపాడ్, ఒక టార్చ్, చెవులు మొత్తం మూసే హెడ్‌ఫోన్లు. వీడియో సెకనుకి 25 ఫ్రేములు, షట్టర్ 1/50 పెట్టండి. మన కరెంటు 50 హెర్ట్జ్ కాబట్టి అలా పెడితే ట్యూబ్‌లైటు వెలుగు తెర మీద వణకదు. ఎక్స్‌పోజర్ లాక్ చేయండి, లేకపోతే చీకట్లో ఫోను తనంతట తనే వెలుగు పెంచేసి మొత్తం పాడుచేస్తుంది. డ్రోన్ వద్దు. ఊరంతా పైనుంచి చూపించేశాక ఇక ఏం దాచుతారు? నడుస్తూ తీసినా కెమెరా వణకకుండా పట్టే గింబల్ అద్దెకి తేవాల్సిన పని కూడా లేదు. 1981లో వచ్చిన ‘ది ఈవిల్ డెడ్’ కోసం కెమెరాని ఒక చెక్కకి బిగించి, ఆ చెక్కని ఇద్దరు చెరోవైపు పట్టుకుని అడవిలో పరిగెత్తారు. చెక్క మన దగ్గరా ఉంది.

కథ: ఒక ఇల్లు, ఇద్దరు మనుషులు, ఒక రాత్రి. ఆరు నిమిషాలు దాటకూడదు.

చోటు: అందరూ గండికోటకో కొండారెడ్డి బురుజుకో పరిగెత్తుతారు. ఆ రెండూ కేంద్ర పురావస్తు శాఖ రక్షణలో ఉన్నవి, షూటింగ్‌కి అనుమతి తీసుకోవాలి. బెలూం గుహలు మూడు కిలోమీటర్లకు పైగా పొడవు, గొప్ప చోటే, కానీ లోపల లైట్లు, సందర్శకులు ఉంటారు. నన్నడిగితే మన సీమ పల్లెల్లోని పాత మట్టి మిద్దెని మించింది లేదు. నేల మీద కడప బండలు, పైకప్పులో గవాక్షి, అంటే వెలుగు కోసం వదిలిన కన్నం. ఒకరు మిద్దె ఎక్కి గవాక్షిలోంచి టార్చ్ కిందికి కొడితే చాలు, గది మధ్యలో ఒక్క వెలుగు స్తంభం నిలబడుతుంది, మూలలన్నీ నల్లగా మిగిలిపోతాయి. వేరే లైటు పెట్టొద్దు. మిద్దె ఎక్కేవాళ్లు మాత్రం కింద దూలం ఎక్కడుందో చూసుకుని దాని మీదే నడవాలి, పాత కప్పు మనిషి బరువు ఆపకపోవచ్చు. బయట రాత్రి సీన్లు నడిరాత్రి తీయకండి, ఫోన్లో అంతా రవ్వరవ్వగా వస్తుంది. పొద్దు మునిగాక ఇరవై నిమిషాలు ఆకాశం నీలంగా ఉంటుంది, అప్పుడే తీసేయండి.

రక్తం: పలచని బెల్లం పాకం, ఎర్ర ఫుడ్ కలర్, చిటికెడు కాఫీ పొడి. కుంకుమ నీళ్లయితే గులాబీ రంగులో కనిపిస్తాయి. చీమలు పడతాయి, అందుకే టేక్ అవగానే తుడిచేయాలి. 1968లో దర్శకుడు జార్జ్ రొమేరో ‘నైట్ ఆఫ్ ది లివింగ్ డెడ్’ నలుపు తెలుపులో తీశాడు కాబట్టి చాక్లెట్ సిరప్‌తో సరిపెట్టాడు, మనకి రంగు తప్పదు.

ఇక సౌండ్. ఇక్కడ నిదానంగా చదవండి.

నటులతో పని అయ్యాక ఎవరూ వెంటనే సర్దుకోకూడదు. ఫ్యాను ఆపండి, ఫ్రిజ్ ఉంటే అదీ ఆపండి. ఆపేముందు మీ బండి తాళం ఫ్రిజ్‌లో పెట్టండి, అప్పుడు దాన్ని మళ్లీ ఆన్ చేయకుండా ఇంటికి వెళ్లలేరు. అందరినీ ఎక్కడివాళ్లని అక్కడే నిలబెట్టి, రెండు నిమిషాలు ఆ గది నిశ్శబ్దాన్ని రికార్డ్ చేయండి. ‘నిశ్శబ్దంలో రికార్డ్ చేయడానికి ఏముంది అన్నా?’ అని ప్రతి షూటింగ్‌లో ఎవరో ఒకరు అడుగుతారు. చాలా ఉంది. మట్టి గోడల గదికి ఒక ఊపిరి ఉంటుంది, సిమెంటు గదికి వేరేది ఉంటుంది. ఎడిటింగ్‌లో సౌండ్‌ని సున్నా చేసేస్తే చూసేవాళ్లకి అది నిశ్శబ్దం అనిపించదు, ఫోను ఆగిపోయిందేమో అని వాల్యూమ్ బటన్ నొక్కుతారు. అక్కడితో మీ సినిమా అయిపోయింది.

రికార్డ్ చేసే యాప్‌లో నాయిస్ తగ్గించే ఆప్షన్, సౌండ్ తనంతట తను పెరిగే ఆప్షన్ రెండూ ఆపేయాలి. ఆపకపోతే ఎవరూ మాట్లాడనప్పుడు యాప్ సౌండ్ పెంచి పెంచి ‘స్స్‌స్’ అనే రొద తెస్తుంది. లెవెల్ మీరే పెట్టండి, గట్టి మాట కూడా మైనస్ 12 డెసిబెల్స్ దగ్గర ఆగేలా. హెడ్‌ఫోన్లు పెట్టుకుని వినకుండా ‘ఓకే’ అనొద్దు. ఒకసారి ఓర్వకల్లు దాటాక ఒక పల్లెలో రాత్రంతా తీశాం. దూరంగా ఒక బోరు మోటారు ఆడుతోంది, మా చెవులు దానికి అలవాటు పడిపోయాయి, ఒక్కరికీ వినపడలేదు. ఇంటికొచ్చి వింటే ప్రతి షాట్‌లోనూ అదే గుయ్యిమనే మోత. మొత్తం సౌండ్ మళ్లీ చేసుకోవాల్సి వచ్చింది.

తర్వాత బయటికి వెళ్లి కీచురాళ్లని విడిగా ఐదు నిమిషాలు రికార్డ్ చేయండి. అసలు కిటుకు ఇక్కడుంది. పల్లెలో పెరిగినవాళ్లకి తెలుసు, కీచురాయి దగ్గరికి మనిషి వస్తే అది అరవడం ఆపేస్తుంది. ఆగిందంటే అక్కడ ఎవరో ఉన్నట్టే. అది చూసేవాళ్లకి మాటల్లో గుర్తుండకపోవచ్చు, ఒంటికి గుర్తుంటుంది. అందుకే సినిమా మొదటి నిమిషం నుంచి కీచురాళ్లని సన్నగా వినిపిస్తూ ఉండండి, ఎవరూ పట్టించుకోనంత సన్నగా. దెయ్యం వచ్చే చోటుకి ముందు వాటిని ఆపాలి.

టక్కున కట్ చేయకండి. కట్ చేస్తే ఎడిటర్ కనిపిస్తాడు. నాలుగు సెకన్లలో మెల్లగా తగ్గించండి, ఆ సమయంలో తెర మీద ఏదో మామూలు పని జరుగుతూ ఉండాలి, ఆమె చెంబులో నీళ్లు పోసుకుంటున్నట్టు. కీచురాళ్లు పూర్తిగా పోయాక గది ఊపిరి ఒక్కటే మిగలాలి. అలా ఏడు సెకన్లు. ఐదు చాలదు, పది అయితే జనం ‘ఇప్పుడొస్తుంది చూడు’ అని సిద్ధమైపోతారు. ఈ ఏడు సెకన్లలో సంగీతం లేదు, మాట లేదు, కెమెరా కదలదు. ఎడిటింగ్‌లో కూర్చున్నప్పుడు ఈ ఏడూ మీకు ఏడు నిమిషాల్లా అనిపిస్తాయి, కత్తిరించాలని చెయ్యి లాగుతుంది. దయచేసి కత్తిరించకండి. నేను చూసినవాటిలో బాగా తీసిన పిల్లలు కూడా ఇక్కడే తొందరపడ్డారు.

ఆ తర్వాత వచ్చేది చిన్న శబ్దమే కావాలి. ఎక్కడినుంచి వచ్చిందో తెర మీద చూపించకూడదు. బండ మీద వట్టి పాదం ఒక్కసారి ఆనిన చప్పుడు. గోడ అవతల ఎండిన జొన్న దంటు విరిగిన చప్పుడు, మైకుకి దగ్గరగా విరిస్తే అది ఎముకలాగే వినిపిస్తుంది. ఎండిన బుడ్డల (వేరుశనగ) పొట్టు మీద నడక ఇంకా బాగుంటుంది. శబ్దం ముందు, మొహం తర్వాత. మధ్యలో కనీసం రెండు సెకన్లు ఉండాలి. రెండూ ఒకేసారి పడితే మళ్లీ ఆ కుక్కర్ విజిలే.

నెట్‌లో దొరికే సౌండ్‌లు వాడొద్దు అని నేను మొండిగా చెప్పేది కూడా ఇందుకే. కోడుమూరు చేలల్లో చర్చి గంట, మంచు గాలి హోరు ఏమిటి? మనకి తీతువు పిట్ట ఉంది. తుంగభద్ర ఒడ్డునో కేసీ కెనాల్ గట్టునో రాత్రి నిలబడితే దొరుకుతుంది. తీతువు కూస్తే మా అవ్వ మాట ఆపేసేది, కూత అయిపోయేదాకా ఎవరినీ మాట్లాడనిచ్చేది కాదు. ఆ పిట్ట వెనక మన వైపు ఎన్ని ఇళ్ల భయం ఉందో ఆలోచించండి, అది ఏ సౌండ్ ప్యాక్‌లోనూ రాదు. సినిమా మొత్తంలో ఒక్కసారే వాడాలి.

సంగీతం లేకుండా ఎలా అని అడుగుతారు. జాన్ కార్పెంటర్ 1978లో ‘హాలోవీన్’ తీసి, సంగీతం, ఎఫెక్టులు కలపకముందు ఒక స్టూడియో ఆవిడకి చూపిస్తే ఆమెకి అస్సలు భయం వేయలేదట. తర్వాత తనే పియానో మీద చిన్న ముక్క ఒకటి కట్టి, దాన్నే తిప్పి తిప్పి వాడాడు. కాబట్టి సంగీతానికి నేను శత్రువుని కాదు. ఒక్క వాయిద్యం, నాలుగైదు స్వరాలు చాలు. కీచురాళ్లు ఆగిన చోటు నుంచి మొహం కనిపించేదాకా మాత్రం రాకూడదు.

అంతా అయ్యాక కథ తెలియని ఒకరిని రాత్రి పది తర్వాత కూర్చోబెట్టి, హెడ్‌ఫోన్లు ఇచ్చి చూపించండి. మీరు తెర చూడొద్దు, వాళ్ల మొహం చూడండి. ఆ ఏడు సెకన్లలో ఫోను వైపో గడియారం వైపో చూస్తే కీచురాళ్లు తొందరగా ఆగినట్టు, ఇంకో రెండు సెకన్లు నెమ్మదిగా తగ్గించండి. తల కదపకుండా కళ్లు మాత్రం గది మూలకి తిప్పితే ఇక ఏమీ మార్చకండి, అప్‌లోడ్ చేసేయండి.