బొమ్మల పుస్తకం పిల్లలవైపే ఉండాలి

లైబ్రరీ పీరియడ్‌లో చిన్న క్లాసులకు బొమ్మల పుస్తకం చదివేవాళ్ళు, వాక్యం తమవైపు పెట్టుకుని చదివేసి తర్వాత బొమ్మ తిప్పి చూపించకండి. అప్పటికి వెనకున్నవాళ్ళు మోకాళ్ళ మీద లేస్తారు, కథ తెగిపోతుంది. మొదటినుంచీ పిల్లలవైపే తెరిచి, మీ భుజం పక్కగా, వాళ్ళ కళ్ళ ఎత్తులో పట్టుకోండి. కింది అంచున, సరిగ్గా కుట్టు దగ్గర బొటనవేలు లోపల, మిగతా వేళ్ళు వెనక ఉంటే బొమ్మకు చెయ్యి అడ్డం రాదు. ఓరగా చూస్తూ చదవాలి కాబట్టి ముందురోజే రెండుసార్లు పైకి చదువుకోండి. ఇవి ఎక్కువగా 32 పేజీల పుస్తకాలే, 10 నిమిషాల పని.

కిటికీకి వీపు పెట్టి కూర్చోవద్దు. వెలుగు పిల్లల కళ్ళలో పడి బొమ్మ నల్లగా కనిపిస్తుంది. నున్నటి కాగితం మీద లైటు మెరుస్తుంటే పై అంచు కాస్త ముందుకు వంచండి.

పేజీ తిప్పేముందు 3, 4 సెకన్లు ఆగండి. ఈ ఆగడమే ముఖ్యం, పిల్లలు బొమ్మను చదివేది అప్పుడే. ‘ఇదేం రంగు?’ అంటే ఒక్క మాటతో సరి. ‘ఇక్కడేం జరుగుతోంది?’ అని అడిగి చూడండి, మూలన మంచం కింద దాక్కున్న పిల్లితోకను కూడా పట్టేస్తారు.