పరభాషలో ఇంజినీరింగ్ చదివేవారికి క్లాసులో ఎలా తోడ్పడాలి

నేను మొదటి ఏడాది విద్యార్థులకు మెకానిక్స్ చెబుతాను. వారిలో చాలామందికి క్లాసు భాష వేరు, ఇంటి భాష వేరు. ఇలాంటి వారికి విడిగా భాషా తరగతులు పెట్టడం మంచిదే. కానీ అవి ఫలితమిచ్చేలోగా సెమిస్టర్ గడిచిపోతుంది. వలస వచ్చిన పిల్లలకు మాటామంతీ భాష రెండేళ్లలో పట్టుబడుతుందనీ, చదువుకు కావలసిన భాషకు ఐదు నుంచి ఏడేళ్లు పడుతుందనీ కెనడా పరిశోధకుడు జిమ్ కమిన్స్ చూపించాడు. అంతకాలం ఆగే వీలు మనకు లేదు. సబ్జెక్టు చెప్పేవాళ్లే పూనుకోవాలి.

ముందు మీ పాత ప్రశ్నపత్రం బయటికి తీయండి. ఇలాంటి ప్రశ్న కనిపిస్తుంది: "స్వీయ భారాన్ని ఉపేక్షించదగిన, ఎడమ చివర పిన్ సపోర్టుపైనా కుడి చివర రోలర్‌పైనా నిలిపిన 6 మీటర్ల పొడవు గల బీమ్‌పై, పిన్ నుంచి 2 మీటర్ల దూరంలో 12 కిలోన్యూటన్ల భారం ప్రయోగించబడినచో ఉత్పన్నమయ్యే ప్రతిచర్యలను నిర్ధారించుము."

దీన్నే ఇలా రాయండి: "ఒక బీమ్ పొడవు 6 మీటర్లు. దాని బరువు లెక్కలోకి తీసుకోవద్దు. ఎడమ చివర పిన్ సపోర్టు, కుడి చివర రోలర్ ఉన్నాయి. పిన్ నుంచి 2 మీటర్ల దూరంలో 12 కిలోన్యూటన్ల భారం కిందికి పనిచేస్తోంది. రెండు సపోర్టుల దగ్గర ప్రతిచర్యలు ఎంత?" పక్కనే బొమ్మ గీయండి.

ఇది సిలబస్‌ను పలచన చేయడమేనని కొందరు సహోద్యోగులు అంటారు. నేను ఒప్పుకోను. జవాబు రెండింటికీ ఒకటే: పిన్ దగ్గర 8, రోలర్ దగ్గర 4 కిలోన్యూటన్లు. మొమెంట్ తీసుకోవడం, అంటే బలం తిప్పే ప్రభావాన్ని లెక్కగట్టడం, రానివాడికి రెండో ప్రశ్నలోనూ మార్కులు రావు. వచ్చినవాడికి మాత్రం మొదటి ప్రశ్న అన్యాయం చేస్తుంది. పిన్, రోలర్, మొమెంట్ లాంటి పారిభాషిక పదాలను మార్చకండి. అవి ఎలాగూ నేర్చుకోవలసినవే.

వేర్వేరు దేశాల వాళ్లుంటే అంకెలనూ చూసుకోండి. 1,250 అని రాస్తే కొందరు వెయ్యిన్ని రెండువందల యాభై అనుకోరు, ఒకటింబావు అనుకుంటారు. అనేక దేశాల్లో దశాంశానికి కామాయే వాడతారు. చుక్క, కామా రెండూ దశాంశ గుర్తులుగా చెల్లుతాయనీ, మూడేసి అంకెల మధ్య ఖాళీ వదలవచ్చు గానీ ఆ గుర్తులు పెట్టకూడదనీ తూనికలు, కొలతల అంతర్జాతీయ మహాసభ 2003లో తీర్మానించింది. డ్రాయింగ్ క్లాసులో ఒక వస్తువును వేర్వేరు వైపుల నుంచి చూసి గీసిన బొమ్మలను అమర్చే ఫస్ట్ యాంగిల్, థర్డ్ యాంగిల్ పద్ధతుల్లో ఏది వాడుతున్నారో షీటు మీదే గుర్తు వేయించండి.

ల్యాబ్‌లో "అర్థమైందా?" అని అడగకండి. అందరూ తలూపుతారు. లేత్ ఆన్ చేసే ముందు చక్‌లో (పనిముక్కను పట్టి తిప్పే భాగంలో) దాన్ని బిగించే తాళంచెవి ఉండిపోలేదని ఎలా చూస్తారో, అత్యవసర స్విచ్ ఎక్కడుందో చేసి చూపించమనండి. ఇక్కడ మాట అందకపోతే చేతికి దెబ్బ తగులుతుంది.

ప్రశ్న అడిగాక ఆగండి. ఉపాధ్యాయులు సగటున ఒక్క సెకను మాత్రమే ఆగుతారనీ, మూడు సెకన్లు ఆగితే జవాబులు బాగా పెరుగుతాయనీ అమెరికా విద్యా పరిశోధకురాలు మేరీ బడ్ రో పరిశోధనల్లో తేలింది. పరభాషలో వాక్యం కూర్చుకునేవారికి నేను ఇంకా ఎక్కువ సమయం ఇస్తాను. పక్కవాళ్లతో సొంత భాషలో చర్చించుకోనిస్తాను. క్లాసుకు చెప్పేటప్పుడు మాత్రం బోధనా భాషలోనే చెప్పాలి.

నన్ను ఎక్కువగా బాధించేది ప్రాజెక్టు బృందాల్లో జరిగేది. భాష అంతగా రాని విద్యార్థికి వైరింగో, డ్రాయింగో అప్పగిస్తారు. ప్రజంటేషన్ మరొకరు ఇస్తారు. అలా ఏళ్లు గడిచి, డిజైన్‌లో సగం పని చేసిన విద్యార్థి నోరు విప్పకుండానే డిగ్రీ తీసుకుని వెళ్లిపోతాడు. దీన్ని బృందంలోనివాళ్ల మంచితనానికి వదిలేయకండి. బాధ్యతల పట్టిక మీరే వేయండి. ప్రతి సమీక్షకూ మాట్లాడేవారు మారాలి.

రిపోర్టు దిద్దేటప్పుడు తర్కానికి, భాషకు మార్కులు విడివిడిగా వేయండి. భాషా తప్పులన్నిటికీ ఎర్ర గీతలు పెట్టకుండా, అర్థాన్ని చెడగొట్టే ఒక్క రకాన్నే ఎంచుకుని రెండుచోట్ల సరిదిద్ది చూపండి. మిగతావి విద్యార్థే వెతికి దిద్దుకుని వారంలోగా తిరిగి ఇస్తే ఆ భాషా మార్కులు మళ్లీ వేయండి.