చిన్న కార్డుతో మొదలుపెట్టి పెద్ద కార్డు దాకా: బేస్‌బాల్ కార్డుల మార్పిడి ఎలా చేయాలి?

మేం టెక్సస్‌లో, డాలస్‌కి ఉత్తరాన ఫ్రిస్కోలో ఉంటాం. 2024 వేసవిలో మా అబ్బాయి పుట్టినరోజుకి స్నేహితులు ఆటగాళ్ల బొమ్మలుండే బేస్‌బాల్ కార్డుల ప్యాకెట్లు నాలుగైదు ఇచ్చారు. మా చిన్నప్పటి అగ్గిపెట్టె అట్టలూ, ట్రంప్ కార్డుల్లాంటివే కదా అనుకున్నాను. వారం తిరక్కుండానే వాడు, "నాన్నా, నాకు నోలన్ రయన్ రూకీ కార్డు కావాలి" అన్నాడు.

బంతి విసిరే పిచ్చర్ నోలన్ రయన్ అంటే టెక్సస్‌లో దేవుడి లెక్క. 5,714 స్ట్రైకౌట్లు తీశాడు, అంటే అన్నిసార్లు బ్యాటర్‌ని బంతితోనే ఔట్ చేశాడు. ఎదుటి జట్టుకి ఒక్క హిట్ కూడా ఇవ్వకుండా 7 మ్యాచ్‌లు ముగించాడు. ఈ రెండు రికార్డులనూ ఇప్పటిదాకా ఎవరూ అందుకోలేదు. ఆ ఏడింటిలో చివరి రెండూ 1990, 1991ల్లో మా రేంజర్స్ జట్టుకి ఆడుతూ సాధించాడు. 1968లో టాప్స్ కంపెనీ వేసిన అతని తొలి కార్డు, అంటే రూకీ కార్డు, 177వ నంబరుది, మూలలు అరిగిపోయి ఉన్నా వందల డాలర్లు పలుకుతుంది. కొనివ్వనన్నాను. 40 డాలర్లు చేతిలో పెట్టి, ఇకమీదట ఇంట్లోంచి డబ్బు రాదు, మార్చుకుంటూ వెళ్లి నువ్వే సంపాదించుకో అన్నాను. అప్పటినుంచి మేమిద్దరం నేర్చుకున్నదే ఇది.

ముందు ఏ కార్డు కావాలో తేల్చుకోండి

"ఎక్కువ విలువైనది" అని బయల్దేరితే దారి తప్పుతారు. ఫలానా ఆటగాడిది, ఫలానా ఏడాదిది, ఫలానా కండిషన్‌లో అని ఒక కాగితం మీద రాసుకోండి. మధ్యలో మెరిసే కార్డు కనబడి మనసు లాగినప్పుడు ఆ కాగితం అక్కరకొస్తుంది.

మీ దగ్గరున్నవి వేరు చేసుకోండి

అమెరికాలో చాలా ఇళ్ల అటకల మీద 1980ల చివర, 1990ల మొదట్లో అచ్చయిన కార్డుల డబ్బాలుంటాయి. పక్కింటి పెద్దాయన ప్రేమతో మీ పిల్లవాడికి ఒక డబ్బా ఇవ్వొచ్చు కూడా. ఇచ్చిన ప్రేమకి విలువ కట్టలేం గానీ, కార్డులకి మాత్రం పెద్దగా విలువ ఉండదు. పాత కార్డులకి గిరాకీ పెరిగిందని తెలిసి ఆ కాలంలో కంపెనీలు లెక్కా పత్రం లేకుండా అచ్చేశాయి, కొన్నవాళ్లు కూడా పారేయకుండా దాచుకున్నారు. అందరి దగ్గరా ఉన్న కార్డు ఎవరికి కావాలి? ఆ కాలం నుంచి ఇప్పటికీ వెతికి కొనేవి కొన్నే ఉన్నాయి. 1989 అప్పర్ డెక్ సెట్‌లో 1వ నంబరు, కెన్ గ్రిఫీ జూనియర్ రూకీ వాటిలో ఒకటి.

దానికి పూర్తిగా ఎదురు కథ మికీ మాంటిల్ అనే ఆటగాడి 1952 టాప్స్ కార్డుది. ఆ ఏడాది అమ్ముడుపోక మిగిలిన పెట్టెల్ని 1960లో పడవలో తీసుకెళ్లి అట్లాంటిక్ సముద్రంలో పారబోశామని ఆ సెట్‌ని రూపొందించిన సై బెర్గర్ చెప్పేవాడు. సముద్రం పాలు కాకుండా నిలిచిన వాటిలో చెక్కు చెదరని ఒక కార్డు 2022 ఆగస్టులో 1.26 కోట్ల డాలర్లకు వేలంలో పోయింది.

రూకీ కార్డులు, ఆటగాడి సంతకం ఉన్నవి, వెనకో ముందో 25/50 (అచ్చేసిన యాభైలో ఇరవై ఐదోది) లాంటి వరుస సంఖ్య ఉన్నవి, రంగులు మెరిసే రిఫ్రాక్టర్లు, బేస్‌బాల్ మేటిగా హాల్ ఆఫ్ ఫేమ్ గౌరవం పొందిన ఆటగాళ్ల పాత కార్డులు ఒక పక్కన పెట్టండి. మీ పెట్టుబడి అదే. మిగతావి కొసరుకి పనికొస్తాయి.

ధర ఎక్కడ చూడాలి

ఈబేలో ఒక కార్డుకి ఎవరో 500 డాలర్లు అడుగుతున్నారంటే దాని ధర 500 అని కాదు. అడగడానికేం, ఎంతైనా అడగొచ్చు. అక్కడే "సోల్డ్" అనే ఫిల్టర్ ఉంటుంది, అది పెట్టి నిజంగా అమ్ముడుపోయిన ధరలు చూడండి. ఇక్కడివాళ్లు వాటిని కాంప్స్ అంటారు. చివరి ఐదారు అమ్మకాలు తీసుకుని, అందులో మరీ ఎక్కువదీ మరీ తక్కువదీ వదిలేసి సగటు వేయండి. అదే కండిషన్, అదే రకం కార్డుతో పోల్చండి. మామూలు కార్డుని రిఫ్రాక్టర్‌తో పోల్చి మొదట్లో మా వాడు రెండుసార్లు పొరబడ్డాడు.

ఇంకో సంగతి. ఒకే కార్డుకి రెండు ధరలుంటాయి. మేం తిరిగిన షోలలో, అంటే కార్డుల సంతల్లో, డీలర్లు డబ్బిచ్చి కొంటే కాంప్స్‌లో 70 శాతం ఇస్తారు, మార్పిడికైతే 80, 85 దాకా లెక్కగడతారు. అందుకే అమ్మేసి ఆ డబ్బుతో కొనడం కంటే నేరుగా మార్చుకోవడమే లాభం.

కండిషన్ చూడటం నేర్చుకోండి

నాలుగు చూడాలి: బొమ్మ మధ్యలో ఉందా, మూలలు పదునుగా ఉన్నాయా, అంచులు చిట్లాయా, పైపూత మీద గీతలున్నాయా. కార్డుని టేబుల్ దీపం కింద ఏటవాలుగా తిప్పితే గీతలు బయటపడతాయి. ఫోన్ టార్చ్ చాలు.

తాకే ముందు చేతులు కడుక్కోండి. పెన్నీ స్లీవ్ అనే పల్చటి ప్లాస్టిక్ తొడుగులో పెట్టి, ఆ తర్వాతే టాప్‌లోడర్ అనే గట్టి ప్లాస్టిక్ తొడుగులోకి దించండి. స్లీవ్ లేకుండా నేరుగా దించితే అంచులు గీసుకుపోతాయి. ఖరీదైన కార్డు భద్రత అంతా ఆ పైసల స్లీవ్ మీదే ఆధారపడి ఉంటుంది.

మార్పిడి: అసలు పని ఇక్కడుంది

కెనడాకి చెందిన కైల్ మెక్‌డొనాల్డ్ 2005లో ఒక ఎర్ర పేపర్ క్లిప్‌తో మొదలుపెట్టి, ఏడాదిలో 14 మార్పిడులు చేసి ఇల్లు సంపాదించాడు. చాలామందికి ఈ కథ తెలుసు. అందులో నాకు నచ్చిన ఘట్టం వేరే ఉంది. రాక్ గాయకుడు ఆలిస్ కూపర్‌తో ఒక పూట గడిపే అవకాశాన్ని ఇచ్చేసి, అతను ఒక స్నో గ్లోబ్ తీసుకున్నాడు. నీళ్లల్లో మంచు రాలుతున్నట్టు కనబడే గాజు బొమ్మ అది. మతి పోయిందా అన్నారు జనం. కానీ కార్బిన్ బెర్న్‌సన్ అనే నటుడికి స్నో గ్లోబులంటే ప్రాణం, వేల కొద్దీ పోగేశాడు. ఆ బొమ్మ ఇచ్చినందుకు అతను తన సినిమాలో ఒక వేషం ఇచ్చాడు. ఆ వేషానికే కిప్లింగ్ అనే ఊరు ఇల్లు ఇచ్చింది.

ఎదుటివాడికి ఏది ప్రాణమో తెలుసుకోవడమే ఈ పనిలో సగం. మోసం చేసి పైకి ఎక్కే దారి ఒకటుంది, తెలియనివాడి దగ్గర తక్కువకి లాక్కోవడం. అది నెలకే ముగిసిపోతుంది, ఎందుకంటే వచ్చే నెల షోలో అవే టేబుళ్లు, అవే ముఖాలు. పిల్లలతో మార్చుకునేటప్పుడైతే ఇంకా జాగ్రత్త. ఎదురుగా ఉన్నది చిన్నవాడైతే ముందు వాళ్ల అమ్మనో నాన్ననో పిలిపించి, ఫోన్‌లో కాంప్స్ చూపించాకే బేరం మొదలుపెట్టాలని మా ఇంట్లో నియమం.

మా వాడి తొలి మంచి మార్పిడి ఇలా జరిగింది. రేంజర్స్ పిచ్చర్ కుమార్ రాకర్‌కి తల్లి వైపు భారతీయ మూలాలున్నాయి. జట్లు కొత్త ఆటగాళ్లని ఎంచుకునే డ్రాఫ్ట్‌లో 2022లో 3వ స్థానంలో ఎంపికయ్యాడు, 2024లో మా ఊరి చిన్న లీగ్ జట్టు రఫ్‌రైడర్స్‌కి ఆడి, ఆ సెప్టెంబరులోనే మేజర్ లీగ్‌కి వెళ్లాడు. ఫ్రిస్కోలో తెలుగువాళ్లు ఎంతమందో చెప్పక్కర్లేదు కదా. ఆ పేరు విన్న ప్రతి ఇంట్లో పిల్లలకి అతని కార్డు కావాలి. ఒక షోలో వేరే రాష్ట్రం నుంచి వచ్చిన డీలర్ దగ్గర, కార్డు డాలర్‌కి అమ్మే డబ్బాలో అతని కార్డులు ఆరు దొరికాయి. వాటిలో నాలుగు ఇచ్చి మా వాడు ఒక స్నేహితుడి దగ్గర న్యూయార్క్ యాంకీస్ ఆటగాడు ఆరన్ జడ్జ్ కార్డు తీసుకున్నాడు. ఆ పిల్లవాడికి యాంకీస్ అంటే ఆసక్తే లేదు, రాకర్ కార్డులు గోడకి పెట్టుకున్నాడు. ఇద్దరూ గెలిచారు.

రెండో మెట్టు: ఆ జడ్జ్ కార్డు న్యూయార్క్ నుంచి వచ్చి స్థిరపడిన ఒకాయనకి ఇచ్చి, జపాన్ ఆటగాడు ఇచిరో 2001 రూకీ తెచ్చుకున్నాడు. ఏ ఆటగాడి కార్డైనా అతని జట్టు ఊరి మనుషుల దగ్గరే ఎక్కువ పలుకుతుంది. వేరే ఊళ్లో తక్కువకి దొరికింది తెచ్చి, కావాల్సినవాళ్ల చేతికి చేర్చండి.

మూడోది సమయం. సీజన్ మార్చి చివర మొదలై అక్టోబరు, నవంబరుల దాకా నడుస్తుంది. శీతాకాలంలో గిరాకీ పడిపోతుంది, అప్పుడు తీసుకోవాలి. హాల్ ఆఫ్ ఫేమ్ ఓటింగ్ ఫలితాలు జనవరిలో వస్తాయి. 2025 జనవరిలో ఇచిరోకి 394 ఓట్లలో 393 వచ్చాయి. ఆ ఒక్క ఓటు వేయనిదెవరని దేశమంతా చర్చ. ఆ వారం షోలో మా వాడి ఇచిరో కార్డుని ముగ్గురు అడిగారు. దానికి బదులుగా 1970ల నాటి నోలన్ రయన్ కార్డులు రెండు వచ్చాయి.

కుర్ర ఆటగాళ్ల కార్డులతో మాత్రం నిలవ ఉంచుకునే ఆట ఆడకండి. పిచ్చర్లతో మరీను. ఒక్క మోచేతి ఆపరేషన్‌తో ఏడాది ఆట పోతుంది, దాంతోపాటే గిరాకీ. ధర పెరుగుతున్నప్పుడే చేయి మార్చేయాలి.

ఇక నాలుగైదు చిన్న కార్డులిచ్చి ఒక పెద్దది తీసుకునేటప్పుడు సమానానికి సమానం కుదరదు. పూర్వం చిల్లర తీసుకుని నోటు ఇవ్వడానికి వట్టం పట్టుకునేవాళ్లే, అలాంటిదే ఇదీ. పెద్ద కార్డు ఇచ్చేవాడు ఆ చిన్నవన్నీ ఒక్కొక్కటిగా అమ్ముకోవాలి కదా, ఆ శ్రమకి పదో పదిహేనో శాతం ఎక్కువ అడుగుతాడు. అది న్యాయమే, ఇవ్వండి. కానీ తరచుగా కాదు. మూడు నాలుగు సార్లు ఒకటికొకటి మార్చి లాభం చేసుకున్నాక, ఒకసారి అలా పోగుచేసి మెట్టు ఎక్కండి.

మాట ఎలా మొదలుపెట్టాలి? "మీరు ఏం పోగు చేస్తున్నారు?" అని అడగండి. ధర గురించి కాకుండా దీంతో మొదలుపెడితే మనిషి కుర్చీ దగ్గరికి జరుపుకుంటాడు. షో మొదటి గంటలో డీలర్లకి తీరిక ఉండదు. సర్దుకునే వేళ, మోసుకెళ్లే బరువు తగ్గించుకోవాలని చూస్తున్నప్పుడు, వెళ్లండి. చివర్లో తేడా అయిదు పది డాలర్లయితే కొసరు కార్డులతో సరిపెట్టండి.

గ్రేడింగ్ ఎప్పుడు?

పీఎస్‌ఏ, ఎస్‌జీసీ, బెకెట్ లాంటి సంస్థలు కార్డుని పరిశీలించి 1 నుంచి 10 దాకా గ్రేడ్ వేసి, ప్లాస్టిక్ స్లాబ్‌లో సీలు చేసి ఇస్తాయి. మంచి గ్రేడ్ వస్తే విలువ ఒక్కసారిగా పెరుగుతుంది, అందుకే అందరికీ దాని మీద ఆశ. లెక్క వేసుకోకుండా పంపకండి. కార్డు 30 డాలర్లది, ఫీజూ పోస్టేజీ కలిపి ఇంకో 30 అనుకుందాం. 10 వస్తే 150, 9 వస్తే 55 పలుకుతుందనుకుంటే, 9 వచ్చినా 5 డాలర్లు నష్టమే. 9 వచ్చినా నష్టం రాని కార్డుల్నే పంపండి.

దొంగ కార్డులు, కోసిన కార్డులు

1957 నుంచి టాప్స్ కార్డుల కొలత రెండున్నర అంగుళాలు, మూడున్నర అంగుళాలు. అంచులు అరిగితే కొందరు సన్నగా కోసి కొత్తగా కనబడేట్టు చేస్తారు. అదే సెట్‌లోని మామూలు కార్డు పక్కన పెట్టి చూస్తే తేడా దొరికిపోతుంది. ఈ మోసం ఎంత పైదాకా వెళ్లిందంటే, లోకంలో అత్యంత ప్రసిద్ధమైన కార్డు, 1909 నాటి సిగరెట్ పెట్టెల్లో వచ్చిన హోనస్ వాగ్నర్ కార్డుల్లో ఒకటి, హాకీ వీరుడు వేన్ గ్రెట్జ్‌కీ 1991లో భాగస్వామితో కలిసి కొన్నది, అంచులు కోసినదే. కోసింది తానేనని వేలందారు బిల్ మాస్ట్రో 2013లో కోర్టులో ఒప్పుకున్నాడు. అప్పటికే అది 8 గ్రేడ్ స్లాబ్‌లో ఉంది.

అందువల్ల స్లాబ్ చూసి కళ్లు మూసుకోకండి. స్లాబ్ మీది నంబరుని ఆ సంస్థ సైట్‌లో కొట్టి, అక్కడి వివరాలు చేతిలోని కార్డుతో సరిపోతున్నాయో లేదో చూడండి. అచ్చుని భూతద్దంలో చూస్తే పాత కార్డుల్లో బొమ్మ రంగుల చుక్కలుగా విడిపోతుంది, అక్షరాల అంచులు గట్టిగా ఉంటాయి. అక్షరాలు కూడా చుక్కలుగా కనబడితే ఇంట్లో తీసిన కాపీ అయ్యుండొచ్చు.

పోస్టులో మార్చుకునేటప్పుడు పేరున్నవాళ్లకి కొత్తవాళ్లు ముందు పంపడం ఇక్కడి ఆనవాయితీ. మేం ఒకసారి ముందు పంపి, అవతలి నుంచి ఏమీ రాక 25 డాలర్ల కార్డు పోగొట్టుకున్నాం. మా వాడు రెండు రోజులు సరిగా అన్నం తినలేదు. ఇప్పుడు షోలలో ముఖాముఖి తప్ప మార్చుకోం.

ప్రతి మార్పిడీ తేదీతో సహా రాసిపెట్టుకోండి. 2018 నుంచి అమెరికాలో ఆస్తి మార్పిడికి పన్ను వాయిదా వేసుకునే వెసులుబాటు భూములూ ఇళ్లకే పరిమితం, కార్డులకి లేదు. కార్డు ఇచ్చి కార్డు తీసుకున్నా చట్టం దాన్ని అమ్మకంగానే చూస్తుంది. ఏడాదికి మించి ఉంచుకున్న సేకరణ వస్తువుల లాభం మీద పన్ను 28 శాతం దాకా ఉండొచ్చు. మొత్తాలు పెద్దవవుతుంటే మీ పన్నుల లెక్కలు చూసే సీపీఏతో మాట్లాడండి.

రయన్ రూకీ ఇంకా మా ఇంటికి రాలేదు. మేం వెళ్లే షోలో ఒక పెద్దాయన దగ్గర మూలలు గుండ్రంగా అరిగిన కార్డు ఒకటుంది. డబ్బుకి ఇవ్వనంటాడు. ఆయన 1972 టాప్స్ సెట్ మొత్తం పూర్తి చేస్తున్నాడు. ఆ సెట్‌లో చివరి నంబర్ల కార్డులు తక్కువగా అచ్చయ్యాయి, దొరకడం కష్టం. ఆయనకింకా 9 కావాలి. మా వాడు ఆ తొమ్మిది నంబర్లూ లెక్కల పుస్తకం అట్ట వెనక రాసుకుని, షోలో ప్రతి టేబుల్ దగ్గరా పాత డబ్బాలు వెతుకుతున్నాడు. ఇప్పటికి నాలుగు దొరికాయి.